ఢిల్లీ: సభలకు వచ్చినవారి నగరదర్శనము

ఢిల్లీ భారతదేశపు రాజధాని. యమునానదికి ప్రధానముగా పశ్చిమతీరమున, ఆరావళీ పర్వతశ్రేణి ఉత్తరపు కొస చిన్నచిన్న గుట్టలై అంతరించు తావున ఈ నగరము వెలసినది. పార్లమెంటు, మంత్రిత్వశాఖలు, విదేశ రాయబార కార్యాలయములు ఇచట ఉండుటచేత సంవత్సరము పొడవున ఏదో యొక మహాసభయో, సదస్సో, ప్రదర్శనమో ఇందు జరుగుచునే యుండును. వైద్యులు, ఆచార్యులు, ఇంజనీర్లు, వర్తకులు, రచయితలు రెండుమూడు దినముల పనిపై వచ్చి, పగలెల్ల ఉపన్యాసములు విని, సాయంకాలము చిక్కిన మూడు నాలుగు గంటలలో నగరమును చూచి మరలిపోవుచుందురు. తీరికగా దేశాటనము చేయువానికి వ్రాసిన మార్గదర్శినులు అట్టివారికి అంతగా అక్కరకు రావు గనుక, సభకు వచ్చిన ప్రతినిధి దృష్టితోనే ఢిల్లీ పేటలను, దర్శనీయస్థలములను ఇచట పరిచయము చేయుచున్నాము.

మొట్టమొదట గ్రహింపవలసినది ఢిల్లీ ఒక్క నగరము కాదను విషయము. మెహ్రౌలీ ప్రాంతమున తోమరులు, చాహమానులు కట్టిన లాల్‌కోట్, రాయ్ పిథోరా దుర్గములు మొదలుకొని, ఖిల్జీల సిరి, తుగ్లకుల తుగ్లకాబాదు, జహాన్‌పనా, ఫిరోజాబాదు, హుమాయూన్ దీన్‌పనా, షాజహాన్ షాజహానాబాదు అను నగరములు ఒకదానికొకటి ఎడముగా, ఒకదాని రాళ్లు మఱియొకదానికి తరలుచు వెలసినవి. ఆంగ్లేయులు నిర్మించిన న్యూఢిల్లీ ఈ వరుసలో ఎనిమిదవది. లెక్కించువారిని బట్టి ఈ సంఖ్య మారుచుండును గాని, వీని నడుమ నున్న దూరము మాత్రము మారదు. కుతుబ్‌మీనారుకును ఎఱ్ఱకోటకును మధ్య సుమారు 15 కిలోమీటర్ల రద్దీబాట గలదు. సభ ముగిసిననాడు నిర్వాహకులు బస్సులో ఎక్కించి ఒక్క పూటలో ఆరేడు స్థలములు చూపించు యాత్రలో ప్రయాణికుడు చూచునది ముఖ్యముగా ముందరి బస్సు వెనుకభాగమే. సభ ఏ పేటలో జరుగుచున్నదో ఆ పేటను కాలినడకన చూచుట, మిగిలిన సాయంకాలములలో దూరపు పేట నొక్కదానిని ఎంచుకొనుట యుక్తమైన పద్ధతి.

ఈ నగరమునకును సభలకును గల సంబంధము పురాతనమైనది. పాండవుల ఇంద్రప్రస్థము నేటి పురానాకిలా ఉన్న దిబ్బపై ఉండెనని జనశ్రుతి. న్యూఢిల్లీ నిర్మాణమునకు ముందు ఆ కోటగోడలలోపల ఇందర్‌పత్ అను పేరుగల పల్లె యొకటి ఉండెడిది. త్రవ్వకములలో చిత్రిత ధూసర మృత్పాత్రల శకలములును దొరకినవి. దుర్యోధనుడు నేలను చూచి నీరనియు, నీటిని చూచి నేలయనియు భ్రమించిన మయసభ ఇచ్చటిదే యని చరిత్రకారుడు చెప్పజాలడు గాని, తెలుగువాడు ఆ దిబ్బ నెక్కునప్పుడు ఆ కథ తలపునకు రాకమానదు. చారిత్రకకాలమునకు వచ్చినచో, ఆంగ్లేయులు 1877, 1903, 1911 సంవత్సరములలో నగరమునకు ఉత్తరముగా నున్న విశాలమైదానమున మూడు దర్బారులు జరిపిరి. ఆ మూడవదానిలో, 1911 డిసెంబరు 12వ తేదీన, అయిదవ జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చుచున్నట్లు ప్రకటించెను. స్వాతంత్ర్యమునకు కొలది నెలలు ముందు, 1947 మార్చి, ఏప్రిల్ నెలలలో పురానాకిలాయందు ఆసియా దేశముల సంబంధ మహాసభ జరుగగా, హైదరాబాదు ఆడపడుచైన సరోజినీనాయుడు దానికి అధ్యక్షత వహించినది. ఆ కోటలోనే, ఆ సంవత్సరమే, దేశవిభజనచే నిలువనీడ కోల్పోయిన శరణార్థులకై శిబిరములు వెలసినవి. పందిళ్లు తీసిన కొలది నెలలకే గుడారములు వేయవలసివచ్చిన ఆ ప్రాంగణమునకు మించి ఆ యేటి చరిత్రను చెప్పగల స్థలము ఢిల్లీలో లేదు.

స్వతంత్ర భారతమునకు తగిన సభామందిరము 1956లో నిర్మితమైనది. మౌలానా ఆజాద్ రోడ్డుపై నున్న విజ్ఞాన్‌భవన్ అదియే. యునెస్కో తొమ్మిదవ సర్వసభ్య సమావేశము ఆ సంవత్సరమే అందు జరిగినది. అలీనదేశముల శిఖరసభయు, కామన్వెల్తు దేశాధినేతల సమావేశమును 1983లో ఆ కప్పుక్రిందనే జరిగినవి. బౌద్ధ చైత్యగవాక్షము నాకృతిలో మలచిన ప్రవేశద్వారము దాని ప్రత్యేకత. ఇచట సభకు వచ్చిన ప్రతినిధి అదృష్టవంతుడనవలెను. జాతీయ మ్యూజియము కూతవేటు దూరమున నున్నది గనుక మధ్యాహ్న భోజనవిరామమును కొంచెము పొడిగించుకొన్నను చాలును. ఈ మ్యూజియము 1949 ఆగస్టు 15న రాష్ట్రపతిభవనపు దర్బారుహాలులో ప్రారంభమై, 1960లో జనపథ్‌లోని నేటి భవనమునకు వచ్చినది. కాలము తక్కువగా నున్నవాడు హరప్పా శాలకు నేరుగా పోవుట మేలు. మొహెంజొదారోలో దొరకిన కాంస్యనర్తకి అందున్నది. బొమ్మలలో పెద్దదిగా కనిపించు ఈ విగ్రహము వాస్తవమునకు 10.5 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే. ఎడమచేయి భుజమువఱకు గాజులతో నిండియుండ, కుడిచేతిని నడుముపై నుంచి, గడ్డము కొంచెము పైకెత్తి నిలిచిన ఆ పిల్ల ఠీవి అయిదారడుగుల శిలావిగ్రహములకు సైతము అబ్బలేదు. నాగార్జునకొండ శిల్పఫలకములును కొన్ని ఈ మ్యూజియమున గలవు.

మ్యూజియమునుండి బయలువెడలినచో కొలది అడుగులలోనే కర్తవ్యపథ్ తగులును. కింగ్స్‌వే యనియు, పిమ్మట రాజపథ్ యనియు వ్యవహరింపబడిన ఈ మహామార్గమునకు 2022లో నేటి పేరు వచ్చినది. దీని తూర్పుకొసను 42 మీటర్ల ఎత్తుగల ఇండియాగేటును, దానికి చేరువను 2019లో వెలసిన జాతీయ యుద్ధస్మారకమును, పడమటికొసను రైసీనా గుట్టపై రాష్ట్రపతిభవనమును ఉన్నవి. ఎడ్విన్ లుట్యెన్స్, హెర్బర్ట్ బేకర్ అను ఇరువురు వాస్తుశిల్పులు ఈ నగరభాగమునకు ప్రధాన నిర్మాతలు. 1931 ఫిబ్రవరిలో దీని ప్రారంభోత్సవము జరిగినది. ఈ యిరువుర నడుమ చిరకాలము సాగిన యొక తగవునకు ఇప్పటికిని ప్రత్యక్షసాక్ష్యమున్నది. నేటి రాష్ట్రపతిభవనమైన వైస్రాయి మందిరము మార్గమంతటినుండియు సంపూర్ణముగా కానరావలెనని లుట్యెన్స్ సంకల్పము. బేకర్ నిర్మించిన సచివాలయ భవనములు గుట్ట అంచునకు రాగా మందిరము వెనుకకు జరిగినది; నడుమనున్న ఎక్కుడుబాట వాలును నిర్ణయించిన పత్రమున లుట్యెన్స్ తానును సమ్మతి తెలిపియుండుటచే, పిమ్మట ఆయన ఎంత మొత్తుకొన్నను ఫలింపలేదు. ఇండియాగేటునుండి పడమటికి నడచువాడు దీనిని స్వయముగా పరీక్షించి చూడవచ్చును. దూరమున నున్నంతసేపు మందిరము స్తంభములతో సహా కనిపించుచుండును. దగ్గఱకు పోయినకొలది స్తంభములు, గోడలు నేలలోనికి క్రుంగిపోయినట్లై, విజయ్‌చౌక్ చేరునప్పటికి గోపురము పైభాగము మాత్రమే మిగులును. వాలు ఎక్కినపిదప మరల యావద్భవనము లేచి నిలుచును. ఈ దృశ్యములో శిల్పి పరాభవము కంటె చూపరి కుతూహలమునకే ఎక్కువ ఫలము దక్కినదని మా అభిప్రాయము. నేరుగా కనిపించు భవనమును ఒకసారి చూచి ఊరకుందుము. దాగుడుమూతలాడు భవనమును వెనుకకు తిరిగి మరల చూతుము.

340 గదులుగల ఆ రాష్ట్రపతిభవనమును లోపల చూచుటకు ముందుగా అనుమతి పొందవలెను. దాని వెనుకనున్న అమృత ఉద్యానము ఏటేట వసంతమున కొన్ని వారములు ప్రజలకు తెరువబడును. 144 స్తంభములతో వర్తులాకారముగా నున్న పాత పార్లమెంటు భవనము 1927లోను, దాని ప్రక్కనే త్రిభుజాకారముగా నున్న క్రొత్త భవనము 2023 మే 28నను ప్రారంభింపబడినవి. ఇండియాగేటు చుట్టునున్న సంస్థానాధీశుల సౌధములలో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొఱకు లుట్యెన్స్ రూపొందించిన హైదరాబాద్ హౌస్ ముఖ్యమైనది. నేడది విదేశాతిథులకు విందులును, వారితో చర్చలును జరుగు తావు. తీన్‌మూర్తి భవనము ముందు నిలిచిన మూడు సైనికవిగ్రహములు మొదటి ప్రపంచయుద్ధమున పశ్చిమాసియాలో పోరాడిన హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు అశ్వికదళములకు గుర్తు. నెహ్రూ నివసించిన ఆ భవనప్రాంగణమున నేడు ప్రధానమంత్రుల మ్యూజియము ఉన్నది. 30 జనవరి 1948న మహాత్ముడు నేలకొరగిన బిర్లాభవనము, నేటి గాంధీస్మృతి, దానికి ఎంతో దూరము కాదు. ఆయన కడపటి అడుగులు పడిన త్రోవలో సిమెంటుతో పాదముద్రలు దిద్దియుంచినారు. అక్కడ గుంపులుగా వచ్చినవారును మాటలు తగ్గించి నడచుట చూడవచ్చును.

హైదరాబాద్ హౌస్ చెంతనే అశోకారోడ్డుపై ఆంధ్రభవన్ గలదు. ఏ సభకు వచ్చిన తెలుగువాడైనను దీనికి దారి యడుగక మానడు. దీని భోజనశాలముందు వరుసలో నిలిచినవారిలో తెలుగేతరులే హెచ్చుగా నుండుట విశేషము. టోకెను తీసికొని, పేరు పిలుచువఱకు వేచియుండి, పొడవాటి బల్లయొద్ద అపరిచితుల నడుమ కూర్చున్నంతలో పళ్లెము వచ్చును. పప్పు, కూర, సాంబారు, రసము, పెరుగు, అప్పడము, కందిపొడియు, గోంగూర పచ్చడియు, నెయ్యియు. చపాతీలకు అలవాటుపడిన ఉత్తరాదివారు కందిపొడిలో నెయ్యి పోసి కలుపుట నేర్చుకొనుచుండగా చూచుట స్వయముగా భుజించుట కంటె తక్కువ వేడుక కాదు. ఆదివారము నాటి బిరియానీకై వచ్చువారు ప్రొద్దెక్కకముందే చేరుట మంచిది.

కన్నాట్ ప్లేసు నగరపు నడిబొడ్డు. రాబర్ట్ టోర్ రస్సెల్ రూపకల్పనలో 1929, 1933ల మధ్య నిర్మింపబడిన ఈ తెల్లని స్తంభముల వలయమునకు అధికారికముగా రాజీవ్‌చౌక్ అని పేరుమారినను, జనులు ‘సీపీ’ యనియే వ్యవహరింతురు. నడివలయములు, వెలివలయములు, వానిని ఛేదించు వీథులు అన్నియు ఒక్కతీరుననే యుండుటచేత క్రొత్తవాడు ఒకే అంగడిముందునకు పలుమారు వచ్చుట కద్దు. స్తంభములపై నున్న అక్షరములను గుర్తుంచుకొనుట ఒక్కటే ఉపాయము. దీనికి దక్షిణముగా జయపురాధీశుడు సవాయి జయసింహుడు 1724లో నిర్మించిన జంతర్‌మంతర్ గలదు. అందలి సమ్రాట్‌యంత్రము ఛాయను బట్టి సూర్యకాలమును తెలుపు బ్రహ్మాండమైన శంకువు. చుట్టును లేచిన ఎత్తైన భవనములు దాని పనికి అడ్డువచ్చినవి. ఆ ప్రక్క వీథి దేశమునందలి సకల ధర్నాలకును నెలవు. తెలుగు రాష్ట్రముల ఉద్యమములు సైతము అచ్చటికి పలుమారు చేరినవి. బాబా ఖరక్‌సింగ్ మార్గమున రాష్ట్రముల హస్తకళా విక్రయశాలలు వరుసగా నున్నవి. కొండపల్లి బొమ్మలను, కలంకారీని ఢిల్లీలో వెదకువాడు అందలి లేపాక్షికి పోవును. గురుహరకిషన్ బసచేసిన బంగళా స్థలమున వెలసిన బంగ్లాసాహిబ్ గురుద్వారమును, దాని కోనేటిని రాత్రివేళ చూడవలెను. అన్నసత్రము ఏ వేళ వెళ్లినను ఆకలిగొన్నవారిని మతము అడుగక కూర్చుండబెట్టును. తిరుమల తిరుపతి దేవస్థానమువారి వేంకటేశ్వరాలయము గోల్‌మార్కెటు ప్రాంతమున నున్నది.

నేటి పెద్ద సభలు హెచ్చుగా ప్రగతిమైదానమునకు తరలినవి. 1972 నాటి ఆసియా వాణిజ్య ప్రదర్శనమునకై ఏర్పడిన ఈ ప్రాంగణమున రాజ్ రేవాల్ నిర్మించిన ‘హాల్ ఆఫ్ నేషన్స్’ ఆధునిక భారతీయ వాస్తువునకు గర్వకారణముగా ఉండెడిది; దానిని 2017లో కూల్చివేసిరి. ఆ కూల్చివేత తొందరపాటు అన్నవారితో మేమును ఏకీభవించుచున్నాము. దాని తావున వెలసిన భారత్ మండపము 2023 జూలై 26న ప్రారంభమై, ఆ సెప్టెంబరులో జీ-20 శిఖరసభకు వేదికయైనది. ఇందలి సభలకు వచ్చినవారు చేతులారా వదలుకొను భాగ్యము పురానాకిలా. భైరోన్ రోడ్డు దాటినంతనే ఎదురగు ఈ కోటలో షేర్షా కట్టించిన కిలా-ఇ-కుహ్నా మసీదు ఎఱ్ఱరాయి, తెల్లని చలువరాతి కూర్పునకు పేరొందినది. షేర్‌మండల్ అను రెండంతస్తుల అష్టకోణపు మేడయు అచ్చటనే గలదు. 1556 జనవరిలో హుమాయూన్ దాని మెట్లపైనుండి జారిపడి మరణించెను. ప్రక్కనే చార్లెస్ కొరియా రూపొందించిన హస్తకళా మ్యూజియము ఉన్నది. మెట్రోస్టేషను పేరు ఇప్పుడు సుప్రీంకోర్టు. పాతపేరు ప్రగతిమైదాన్‌తోనే ఆటోవారు గుర్తింతురు.

అచ్చటనుండి దక్షిణముగా కొలదిదూరమున నిజాముద్దీన్ పేట. ఢిల్లీలో ఒక్క సాయంకాలము మాత్రమే చిక్కినవాడు దేనిని చూడవలెనని యడిగినచో, ఈ పేటను అని నిస్సంశయముగా చెప్పవచ్చును. హుమాయూన్ సమాధి దీనికి తూర్పుననున్నది. ఆయన పట్టపురాణి బేగా బేగము పోషణలో 1565, 1572ల మధ్య నిర్మితమై, చతుర్భాగములుగా విభజింపబడిన ఉద్యానము నడుమ ఎత్తైన అరుగుపై నిలిచిన ఈ కట్టడము తాజ్‌మహలునకు పూర్వగామి. కడపటి మొగలు చక్రవర్తి బహదూర్షా 1857లో ఆంగ్లేయులకు చిక్కినది ఇచ్చటనే. యునెస్కో దీనిని 1993లో ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించినది. ప్రక్కనున్న సుందర్ నర్సరీ చక్కగా పునరుద్ధరింపబడిన ఉద్యానము. నీటికాలువల వెంట పురాతన సమాధులు, నేడు పిల్లల ఆటలు.

రోడ్డు దాటినచో పేట స్వరూపమే మారును. ఇరుకుసందులలో గులాబీరేకుల బుట్టలు, అత్తరుబుడ్లు, కబాబుల పొగ. చెప్పులు విడువుమని పిలుచు అంగళ్లవారు. చిష్తీ సంప్రదాయ గురువు నిజాముద్దీన్ ఔలియా 1325లో పరమపదించి ఇచట సమాధిస్థుడైనాడు. ఆయన శిష్యుడు, కవియు సంగీతకోవిదుడునైన అమీర్ ఖుస్రో అదే యేట మరణించి గురువు చెంతనే విశ్రమించినాడు. గురువారపు సాయంకాలములలో ఆ ప్రాంగణమున ఖవ్వాలీ పాడుదురు. పాలరాతి నేలపై చోటుదొరకినకడ కూర్చున్నచో, పాటగాడు ఒక్క చరణమును పట్టుకొని పదిమారులు తిప్పునప్పుడు భాష తెలియనివాని తలయు ఊగును. గాలిబ్ సమాధియు ఈ దాపుననే గలదు.

ఈ పేటలో తెలుగువారు ప్రత్యేకముగా వెదకికొని చూడవలసిన కట్టడ మొకటి ఉన్నది. మార్గదర్శినులలో దానిపేరు సాధారణముగా కానరాదు. 1323లో తుగ్లకు సేనలు ఓరుగల్లును పట్టుకొని ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి తరలించుచుండగా ఆయన నర్మదాతీరమున దేహము చాలించినట్లు విలస తామ్రశాసనము తెలుపుచున్నది. ఆ రాజు కొలువులోని ఒక తెలుగు సేనాని మాత్రము ఢిల్లీ చేరి, ఇస్లామును స్వీకరించి, మాలిక్ మక్బూల్ అను పేరుతో మహమ్మదుబిన్ తుగ్లకు కొలువున పైకివచ్చి, ఫిరోజ్‌షా కాలమున ‘ఖానె జహాన్’ బిరుదముతో సామ్రాజ్యమునకు వజీరైనాడు. సుల్తాను దండయాత్రలకు పోయినపుడెల్ల రాజధానీభారమును ఈతడే వహించెను. మారనకవి మార్కండేయపురాణమును కృతిగొన్న నాగయగన్న సేనానియే ఈతడని చరిత్రకారులు కొందరు ఊహించినారు. 1369 ప్రాంతమున కట్టబడిన ఈ ‘తిలంగానీ’ సమాధి అష్టకోణాకృతిగల ఢిల్లీ సమాధులలో మొదటిది. ఎనిమిది ముఖములు, ముఖమున కొక్కొక్కటికి మూడేసి కమానులతో చుట్టును వసారా, నడుమ గోపురము; ఈ మాదిరిని సయ్యదులు, లోదీలు, సూరులు సుమారు రెండువందల యేండ్లు అనుకరించిరి. లోదీ తోటలోని మహమ్మదుషా, సికందర్ లోదీల సమాధులును, హుమాయూన్ సమాధి ఆవరణలోని ఈసాఖాన్ సమాధియు దీని సంతతియే. మూలమైన కట్టడమో, ఇండ్ల నడుమ చిక్కి, వసారాలు మూతవడి, పరిసరవాసులు చూపింపనిదే గుర్తుపట్టరాని స్థితిలో నున్నది. దాని యనుకరణములకు పచ్చికబయళ్లు, దీపాలంకారము, టిక్కెట్టు అమరినవి. పురావస్తు శాఖయు తెలుగు ప్రభుత్వములును కలిసి దీనిని ఉద్ధరింపదగును.

లోదీ తోట 1936లో ఖైర్‌పూరు పల్లెను ఖాళీచేయించి ఏర్పరచిన ఉద్యానము. ఉదయము ఆరుగంటలకు రాజకీయవేత్తలు, న్యాయమూర్తులు, పదవీవిరమణ చేసిన అధికారులు ఇచట నడచుచు లోకవ్యవహారములు చక్కబెట్టుచుందురు. దాని ప్రక్కనే జోసెఫ్ అలెన్ స్టెయిన్ నిర్మించిన ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ ఉన్నది. చిన్న సదస్సులకు ఢిల్లీలో ఇంతకంటె హాయియైన తావు మఱియొకటి లేదు. ఈ సంస్థకు తొలి అధ్యక్షుడు చింతామణి దేశ్‌ముఖ్. ఆయన సహధర్మచారిణి, రాజమండ్రిలో పుట్టి రాజ్యాంగసభ సభ్యురాలైన దుర్గాబాయి, ఢిల్లీ తెలుగువారి విద్యాసంస్థల స్థాపనలో ముందునిలిచినది. ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ ఆమె చలువయే. తిరుమల దేవస్థానము 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల చెంతనున్న మెట్రోస్టేషనునకు ఆమె పేరు పెట్టుట ఉచితముగా నున్నది.

పాతఢిల్లీ, అనగా షాజహానాబాదు, నడువగలవారికే వశపడును. 1639లో మొదలిడి 1648లో ముగించిన ఎఱ్ఱకోటను చూచుటకు కనీసము రెండు గంటలు కావలెను. కృష్ణాతీరపు కొల్లూరు గనులలో దొరకినదని చెప్పబడు కోహినూరు ఈ కోటనుండియే 1739లో మయూరసింహాసనముతో కూడ పారసీక ప్రభువు నాదిర్షా వెంట తరలిపోయినది. ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణ 1945లో ఈ గోడలలోపలనే జరిగినది. కోటయెదుట మొదలగు చాందినీచౌకు షాజహాన్ కుమార్తె జహనారా రూపకల్పన. పక్షుల ఆసుపత్రిగల జైనమందిరము, గౌరీశంకరాలయము, గురుతేగ్‌బహదూరు 1675లో బలియైన తావున శీశ్‌గంజ్ గురుద్వారము, దాని గోడనంటి నాదిర్షా కూర్చుండి ఊచకోత నడిపించిన సునహరీ మసీదు, చివరను ఫతేపురీ మసీదు, అన్నియు ఒక్క వీథిలోనే. పగటివేళ మోటారుబండ్లు నిషేధింపబడుటచే ఇప్పుడు కొంత నెమ్మదిగా నడువవచ్చును. చలికాలమైనచో ‘దౌలత్ కీ చాట్’ అను పాలనురుగు మిఠాయిని సందుమొగల పళ్లెములలో అమ్ముచుందురు. నాలుకపై పడినంతనే కరగి, తిన్నట్లా తిననట్లా యను సందేహము మిగిల్చును.

ఫతేపురీ మసీదు దాటినచో ఖారీబావలీ అను సుగంధద్రవ్యముల అంగడివీథి. ఏలకులు, పసుపు, ఎండుమామిడి, అక్రోటు బస్తాలకు బస్తాలు. మిరపకాయల కొట్లముందు బేరగాండ్రు, కూలీలు, కుక్కలు సైతము తుమ్ముచుందురు. గుంటూరునుండి వచ్చువాడు ఆ ఘాటును ఊరిగాలిగా భావించి ఊపిరి పీల్చుకొనును. వెండినగలకు దరీబా, పెండ్లిసరకులకు కినారీబజారు, పాఠ్యపుస్తకములకు నయీసడక్ పోవలెను. గాలిబ్ నివసించిన ఇల్లు బల్లీమారాన్‌లోని ఖాసిమ్‌జాన్ సందులో గలదు. 1656లో పూర్తియైన జామామసీదు మెట్లపై ప్రొద్దుక్రుంకువేళ కూర్చున్నవారికి కోటయు, బజారును ఒకేసారి కనిపించును. ప్రార్థనావేళలలో ఇతరులకు లోనికి ప్రవేశము లేదు. దర్యాగంజ్ ఆదివారపు పాతపుస్తకాల సంత 2019లో పేవుమెంట్లనుండి సమీపమునందలి మహిళాహాట్ ప్రాంగణమునకు మారినది. నీడ దొరకినది గాని, కాలికి తగిలిన పుస్తకమును కొనుట యను మునుపటి సరదా కొంత సన్నగిల్లినది.

దక్షిణమున మెహ్రౌలీకి ఒక ఉదయము కేటాయింపవలెను. కుతుబ్‌మీనారు ఎత్తు 72.5 మీటర్లు; దానిని కుతుబుద్దీన్ ఐబక్ మొదలిడగా ఇల్టుట్‌మిష్ పైకెత్తించినాడు, పిడుగుపాటుకు చెడిన పైభాగమును ఫిరోజ్‌షా మరల కట్టించినాడు. 1981లో లోపలిమెట్లపై జరిగిన తొక్కిసలాటలో పలువురు మరణించుటచే పైకి ఎక్కనిచ్చుట మానిరి. గుప్తులకాలపు ఇనుపస్తంభము 7 మీటర్లకు పైబడిన ఎత్తున, వానలకు తడిసియు త్రుప్పు తినక నిలిచియున్నది; ఇనుములోని భాస్వరపు పాలు హెచ్చగుటచే పైని సన్నని రక్షణపొర ఏర్పడినదని లోహశాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మీనారునకు రెట్టింపు కట్టదలచి అలాఉద్దీన్ ఖిల్జీ మొదలిడిన అలాయిమీనారు మొదటి అంతస్తుతోనే ఆగినది. దానిని చూడక మరలుట పొరపాటు. కమలాకారపు బహాయి మందిరము, అక్షరధామము మిక్కిలి ప్రసిద్ధములు. అచ్చటి వరుసలలో నిలువవలసివచ్చు కాలమును తలచినచో, స్వల్పవ్యవధిగలవారు వానిని మరుసటి రాకకు ఉంచుకొనవచ్చును.

2002 డిసెంబరులో మొదలైన మెట్రోరైలు ప్రతినిధులకు గొప్ప ఉపకారి. పసుపుమార్గము చాందినీచౌకును, రాజీవ్‌చౌకును, సచివాలయములను, కుతుబ్‌మీనారును ఒక్క తీగపై గ్రుచ్చినది. ఊదామార్గమున ఎఱ్ఱకోట, జామామసీదు, సాహిత్య అకాడమీయు నాటకశాలలునుగల మండీహౌస్, జనపథ్ వరుసగా తగులును. ద్వారకాలో 2023 సెప్టెంబరున తెరచిన యశోభూమి సభాస్థలికి విమానాశ్రయపు మార్గమే పోవును. చుట్టుప్రక్కల చూడదగినదేమియు లేదు గనుక, అచ్చటి సభలకు వచ్చువారు బసను నగరమధ్యముననే ఏర్పాటు చేసికొనుట మంచిది. అక్టోబరునుండి మార్చివఱకు వాతావరణము హితముగా నుండును గాని, నవంబరున పొగమాలిన్యము, డిసెంబరు జనవరులలో పొగమంచు బాధించును. మంచువలన రైళ్లు, విమానములు గంటలకొలది ఆలస్యమగుట సామాన్యము. జాతీయ మ్యూజియము, ఎఱ్ఱకోట, అక్షరధామము, బహాయి మందిరము సోమవారము మూయబడును. హుమాయూన్ సమాధి, కుతుబ్‌మీనారు వారమంతయు తెరచియుండును. సభ ఆదివారము ముగియునట్లయినచో సోమవారమును ఈ రెండింటికి కేటాయించుకొని, తిరుగుప్రయాణపు టిక్కెట్టును మంగళవారము రాత్రికి తీసికొనుడు.